ఓచో తర్వాత

ఎనుమాముల యార్డుల మిర్చి దిగిందంటే
మా బడి మొత్తం తుమ్ముతది.
కింద పురుగుమందుల దుకాణం,
పైన కిరాయి అంతస్తుల మేము.

ఈ ఏడు బోర్డు మీద
'ఇంటర్నేషనల్' అని కొత్తగ రాయించిండు కరస్పాండెంటు సారు.
రాయించినంక దానికి తగ్గట్టు
లోపల ఏదో ఒకటి ఉండాలె గదా అన్నడు.
"స్పానిష్ పెడదాం మేడం. పది దాక చాలు."

రాత్రి బియ్యం కడుక్కుంట
ఫోను గోడకు ఆనిచ్చి నేర్చుకున్న.
ఊనో, దోస్, త్రేస్.
నాలుగు కాడ నాలిక మడత పడ్డది.
క్వాత్రో క్వాత్రో అని గొణుగుతుంటే
"ఎవల్ని తిడుతున్నవే" అన్నడు మా ఆయన.

వన్ టూ త్రీ పోరగాళ్లకు వచ్చినట్టే వస్తది.
ట్వెల్వ్ మీద జారి థర్టీన్ల పడి
ఫిఫ్టీన్‌ను రోజూ మర్చిపోయి
ట్వంటీకి చేరి చప్పట్లు కొడతరు.
కొత్త అంకెలకు మాత్రం
ఎవని అర్థం వానిదే.
దోస్ అంటే దోస్తు అన్నడు రిషాంక్,
ఇద్దరుంటేనే గదా టీచర్.
ఓచో అంటే తుమ్ము.
దానికి అర్థం ఎవ్వరూ అడగలె.

ఆయమ్మ కొంరవ్వ తలుపు కాడ నిలవడి ఇంటది.
ముప్పై ఏండ్లు వడ్లు కొలిచిన చెయ్యి.
ఆమె లెక్కల ఒకటి లేదు.
మొదటి పిల్లను ఆటో ఎక్కిచ్చుకుంట
"లాభం" అంటది.
లాభం, రెండు, మూడు...
ఆరు దాటితే 'ఆరున్నొక్కటి'.
ఏడు అనే మాట
పిల్లల తల మీద పెట్టది.

"టీచరమ్మా, గా దేశంల ఏడును ఏమంటరు?"
సియేతే.
"అండ్ల ఏడుపు ఉన్నదా?"
నాకు తెలిసి లేదవ్వ.
"మంచి దేశం" అన్నది.
ఆ రోజు నుంచి ఆటో కాడ
నాలుగు, ఐదు, ఆరు, సియేతే.
సారుకు నేను చెప్పలె.

వరుసల తొమ్మిదో పిల్ల జీవిక.
దసరా అయినంక వచ్చింది, నెక్కొండ దిక్కు తండ నుంచి.
నాయిన హమాలి.
తల్లి మిర్చి ముచ్చికలు తీస్తది,
ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మీద నమ్మకం లేక
బిడ్డను మోచేతులతోనే ఎత్తుకుంటది.
మూడు నెలలు
ఆ నోట్లకెళ్లి ఒక్క మాట రాలె.
తెలుగుల పిలిస్తే మనల్ని చూసేది,
ఇంగ్లీషుల పిలిస్తే గోడను చూసేది.
ప్రోగ్రెస్ కార్డుల 'సిగ్గరి' అని రాసిన.
అంతకంటె నాకు తెల్వది.

నిన్న ఒక్కొక్కలు ఒక్కో అంకె చెప్పుడు.
ఎనిమిదోవాడు తుమ్మిండు,
అదే జవాబు అనుకొని కూసున్నడు.
జీవిక లేచింది.
న్వేవే, అని నోటికి అందిద్దామని వంగిన.
పోరగాళ్లకు ఆ మాట తిరగదు,
వాళ్ల చెవికి అది ఎప్పుడూ
నువ్వే.
"నువ్వే! నువ్వే!"
ఏళ్లు చూపిచ్చి అందరొక్కటే లొల్లి.
ఇటు చూసింది.
అటు చూసింది.
"నవ్" అన్నది.

నన్ను నవ్వుమంటున్నదేమో అనుకున్న.
ఆగలె పిల్ల.
"దస్" అన్నది, పదోవాని వంతు గూడ గుంజుకొని.
మళ్ల మొదటికి పోయి
ఏక్, ది, తీన్, చార్...
వేళ్లు ఒక్కొక్కటే ఇప్పుకుంట, బోర్డుకు ఎదురు పోయి.
అక్కడ నేను రాసిన దోస్, దియేస్
ఆ పిల్లను గుర్తు పట్టినట్టే ఉన్నయి,
పెండ్లిల ఎన్నేండ్లకో ఎదురుపడ్డ
తల్లిగారి దిక్కు చుట్టాల లెక్క.
రాసింది నేను.
నాకే వాటితోని చుట్టరికం లేదు.
పదోవాడు తన అంకె పోయిందని ఏడ్చిండు.

సాయంత్రం ఆటో కాడ కొంరవ్వ
లాభంతోని మొదలువెట్టింది.
ఎనిమిది దాక వచ్చి
జీవిక చెయ్యి పట్టుకొని ఆగింది.
యార్డు దిక్కుకెళ్లి గాలి కొట్టింది.
లోపలున్న ఎనిమిది మంది
ఒక్కసారే తుమ్మిన్రు.
తొమ్మిదో పిల్ల
నవ్వింది.