షష్ఠిలో ఆమె

గురువారం సాయంత్రాలు, చేపల పెట్టెల వాసన వదలని హాలులో
బార్బ్రా ఐరిష్ చెబుతుంది.
పదకొండు మందిమి. బయట వాన అడ్డంగా కొడుతోంది,
కొనమారాలో అది నిలువుగా కురవడం నేనింకా చూడలేదు.

బోర్డు మీద రాసింది: బ్యాన్.
ఆడమనిషి. పెళ్లాం అన్నా ఇదే మాట.
"ఇంతవరకు సులువు," అంది సుద్దముక్క విరిచి.

ముందు 'ఆన్' చేరగానే బ మెత్తబడి వ అయింది:
ఆన్ వ్యాన్.
పాత అచ్చులో ఆ బ నెత్తిన ఒక చుక్క పెట్టేవాళ్లట.
గసడదవలు ఎరిగినవాళ్లకు ఇందులో వింత లేదు,
పక్కన ఎవరు నిలబడ్డారో చూసి అక్షరం గొంతు మారుస్తుంది.

ఆడవాళ్ల గొంతు అనాలంటే
గ్లోర్ నా మన్.
రాతలో బ ఉంటుంది, దాని ముందు మ వచ్చి కూర్చుంటుంది,
ఇక బ నోరు మెదపదు.
దీన్ని వాళ్లు గ్రహణం అంటారు.
విడుపు ఎన్నింటికని రూరీ అడిగాడు.
బార్బ్రా నవ్వలేదు.

ఇక షష్ఠి.
ఇల్లు ఇంటిగా మారినట్టు కూడా కాదు,
మొహమే పోల్చుకోలేనట్టు:
మ్నా.
ఎప్పుడో గకారంతో పుట్టిన మాట.
తూర్పుకు నడిచింది వేదంలో గ్నా అయింది,
పడమటికి వచ్చింది పెదవుల మీదికి జారి బ్నా అయి
న పక్కన ఉండీ ఉండీ ముక్కుతో మాట్లాడటం నేర్చింది.
ఈ తీరంలో ఆ న కూడా నిలవలేదు,
పబ్బు తలుపు మీద మ్నా అని రాసి మ్రా అంటారు.
చతుర్థి ఒకటుండేది, మ్నీ.
"అది మా అమ్మమ్మతో పోయింది."

పుస్తకంలో ఉదాహరణ: ఆమె టోపీ.
బార్బ్రా దాన్ని కాసేపు చూసింది.

ముప్పై ఏళ్లు ఊళ్లో ఆమె పేరు బ్యాన్ వ్యార్ట్లా.
బార్ట్లా పెళ్లాం.
ఆమె పక్కన చేరితే అతని పేరులోని బ కూడా వ అయ్యేది,
అతను మెత్తబడిన చోటు అదొక్కటే.
నవంబరులో పోయాడు. పడవ ఉంది.
తారు పూసేది ఎవరైనా, ఇంజనును తిట్టి లేపేది ఎవరైనా
రేవులో ఇప్పటికీ అది బార్ట్లా పడవే.

అరచేత్తో టోపీ తుడిచేసింది.
బాడ్ నా మ్రా, అని రాసింది, ఆమె పడవ,
పుస్తకంలో ఉన్నట్టు కాదు, నోట్లో ఉన్నట్టు, ర తోనే.

"అనండి."
అన్నాం.
"ఊహూఁ. రేవు దాకా వినపడాలి."