నడుము

భూపాలపల్లి నుంచి పిన్ను వచ్చింది,
తువ్వాలలో చుట్టి, రెండు ముక్కలుగా.
తెచ్చిన ఫిట్టరు బల్ల మీద పెట్టి
చేతులు వెనక్కి తీసుకున్నాడు.
తల కింద సందులో ఇంకా బొగ్గు పొడి.
ఎన్ని టబ్బులు వెనక్కి దొర్లాయో నేనడగలేదు,
అతనూ చెప్పలేదు.

ఉక్కు మంచిదేనా? అంతే ప్రశ్న.
జవాబు కావాలంటే
తెగినదాన్నే ఇంకోసారి తెంపాలి,
ఈసారి మనం చెప్పిన చోట.

కాజీపేట వైపు గూడ్సు ఒకటి ఆగి ఆగి పోతోంది.
పెన్సిలు చెక్కుకుని గీశాను:
చివరలు లావు, మధ్య సన్నం.
పట్టుకునే దగ్గర బలం, చూసే దగ్గర బలహీనత.
నమూనా అంటే
ఎక్కడ ఓడాలో ముందే ఒప్పుకున్న ఇనుము.
కొలత పొడవు యాభై. వ్యాసం పది.
భుజం నుంచి నడుముకు దిగే వంపు,
చాయ్ చల్లారిపోతోందని,
రెండు మిల్లీమీటర్లని రాసేశాను.

లేత్ దగ్గర ఓదేలు
కాగితాన్ని కళ్లద్దాల పైనుంచి చూశాడు.
"రెండేనా మేడం?"
"రెండే."
ఇంకేం అనలేదు.
నీలి చుట్టలుగా ఉక్కు ఊడి
తెల్లటి సబ్బునీళ్లలో పడుతూ పోయింది.

మిషను దవడల మధ్య బిగించాం.
ముల్లు ఎక్కింది, ఎక్కింది,
కిటికీ అద్దం అదిరింది.
నేను గుర్తుపెట్టిన రెండు చుక్కల మధ్య కాదు,
భుజం మొదట్లో తెగింది.
రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను: చెల్లదు.
"ఇనుముది తప్పేం లేదు," అన్నాడు ఓదేలు,
"గా మూల కాడ మీరే జర కోపంగ గీసిన్రు."

ఈసారి వంపు పన్నెండు.
ఎమిరీ కాగితం నిలువుగానే రుద్దాడతను,
లాగే దారినే.
"అడ్డం రుద్దితే గీతలే కత్తులైతయి."
రెండో ముక్క నిదానంగా సాగింది,
నడుము సన్నబడి, మెరుపు పోయి మసకబారి,
అప్పుడు తెగింది.
ఒక సగం గిన్నె, ఒక సగం మొన.
లెక్కలన్నీ సరిపోయాయి.
ఉక్కు మంచిదే.

మరి?

సాయంత్రం కరెంటు పోయింది. టార్చి వెలుగులో
పిన్నును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.
తెగిన ముఖం మీద గీతలు, వంపులు వంపులుగా,
ఎండాకాలం గోదావరి వెనక్కి పోతూ
ఇసుక మీద వదిలే గీతల్లా.
ఎన్ని షిఫ్టులో ఒక్కో గీతలో.
అన్నీ ఒకే మూల నుంచి మొదలయ్యాయి:
తల కింద, మెడ మొదట్లో,
వేలు పెడితే గీరుకునేంత పదును.
ఏ ఊళ్లోనో, ఏ బల్ల మీదో
ఎవరి చాయో చల్లారిపోతుంటే గీసిన మూల.

తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టి
చెల్లని ముక్కను వెతికాను.
పిన్ను పక్కన నిలబెట్టాను.
ఓదేలు చాలాసేపు చూశాడు.
"మూడోది చెయ్యాల్నా?"
"అక్కర్లేదు."

రిపోర్టులో చెల్లని ముక్కకు గడి లేదు.
మార్జిన్‌లో చేత్తో రాశాను:
మొదటి నమూనా, వంపు రెండు,
గీసింది నేను.