తుమ్ముకు ముందు

లెర్విక్ రేవు నుంచి అబర్దీన్‌కు
రాత్రంతా ఓడ.
తలగడ పక్కన అల్లిక సంచి,
దాని అడుగున, ఉన్ని ఉండల కింద
ఎవరికీ చూపని పొట్లం.

పదకొండేళ్లుగా ఇంతే.
తుమ్మేముందు కాళ్లు మెలిక వేయడం,
నవ్వేముందు కుర్చీ వెతుక్కోవడం,
గొర్రెపిల్లనెత్తుకుని కంచె దాటబోయి
సగంలో ఆగిపోవడం.
నాలుగో కాన్పు వాడు తొమ్మిదిన్నర పౌన్లు.
వాడికిప్పుడు గడ్డం. వాడితో ఏమని చెప్పను?

డాక్టర్ ఓలాబిసి కాగితం మీద గీసింది:
ఒక సంచి, ఒక గొట్టం, కింద వదులైన నేల.

"ఒకటి, వల పట్టీ.
అరగంట పని, సాయంత్రానికి ఇంటికి."
వల అనగానే గిర్జీ గుర్తొచ్చింది.
తనకు వేసిందదే. తడి ఆగింది, నిజం.
మూడో ఏట కూర్చోవడమూ ఆగింది.
చర్చిలో నిలబడే ప్రార్థన చేస్తుంది.
"అందరికీ అలా కాదు" అంది డాక్టర్ మెల్లగా.
"చాలామందికి ఏమీ కాదు.
అయినవాళ్లకు మాత్రం
తీయడం, వేసినంత తేలిక కాదు."

ఇంకోటి కుట్లు. పైకెత్తి కట్టేస్తారు.
ముందు గోడ నిలుస్తుంది,
వెనక గోడ ఏళ్ల తర్వాత జారొచ్చు.
కప్పు బిగిస్తే తలుపు పట్టేసే ఇల్లు
మాకూ ఒకటుంది.

లేదంటే నా పొత్తికడుపు పొరనే
వేలెడు వెడల్పు కోసి ఊయల వేస్తారు.
పరాయిది కాదు. కానీ కోత పెద్దది,
కొన్నాళ్లు పోసుకోవడమే కష్టమై
గొట్టం నేనే పెట్టుకోవాల్సి రావచ్చు.

సూదిమందూ ఉంది. కోతే లేదు.
పని తగ్గితే మళ్లీ రావాలి.
మళ్లీ ఈ ఓడ, ఈ వాంతులు!

"ఏది మంచిదమ్మా?"
ఆమె పెన్ను మూత పెట్టింది.
"మీకు ఏం చేయాలనుంది?"

ఇన్నేళ్లూ అందరూ
రోజుకెన్ని మారుస్తావనే అడిగారు.
నాకు మాట రాలేదు.
తర్వాత వచ్చింది:
జనవరి మంటల పండగ రాత్రి
రీల్ ఆట చివరి చుట్టు దాకా ఆడాలి.
మా అక్క చెప్పే పాదిరి కథకు
నిలబడి నవ్వాలి.

తిరుగు ఓడలో కాగితం మడిచి సంచిలో వేశాను,
ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా.
మోచేతులు చిరిగిన స్వెటర్ తీసి
అంచు నుంచి విప్పడం మొదలెట్టాను.
నలభై ఏళ్ల ఉన్ని.
వంకరలు పోయింది గానీ తెగలేదు.

ఓడ ఊగింది.
ఎదురు బెర్తు ఆవిడ తుమ్మబోయి
టక్కున మోకాళ్లు దగ్గరికి లాక్కుంది.

ఒకరినొకరం చూసుకున్నాం.
"ఎన్నేళ్లుగా?" అన్నాను.