కోడిగుడ్ల గది

పలమనేరుకి అవతల, అడివంచు ఊరి హైస్కూల్లో
నాకిచ్చిన గది ఇది.
సగం మధ్యాహ్న భోజనం గుడ్లకి,
సగం పిలకాయల మనసుకి.
మధ్యలో గోడ లేదు. దుప్పటొకటి కట్టుకున్నా.

గురువారం మూడో పీరియడ్, లోహిత్ వస్తాడు.
ఆరో తరగతి. వచ్చి కూర్చోడు.
ముందు గుడ్ల అట్టలు లెక్కబెడతాడు:
ముప్పై, అరవై, తొంభై.
నేను గమ్మునుంటా.
గమ్మునుండేది గూడా నేర్పించినారు మాకు తిరపతిలో,
పన్నెండు దినాల ట్రైనింగులో.
అన్నిట్లోకీ కష్టం అదే.

పోయినేటి కార్తీకంలో వాళ్ళ నాయిన గంగులప్ప
రాగిచేనుకి కాపలా పోయినాడు,
జేబులో టపాకాయలు, చేతిలో టార్చి.
తెల్లారి, చేను తొక్కుడుపడి ఉండింది.
ఆయన గూడా.

అప్పట్నించీ ఎక్కడ టపాసు పేలినా
వీడు బెంచీ కింద దూరతాడు.
రాత్రి పక్క తడుపుతాడు. తెల్లారితే కడుపునొప్పి.
అవ్వ తాయెత్తు కట్టించింది.
అమ్మ రెడ్డెమ్మ దూడనమ్మి స్కానింగు తీయించింది.
కడుపులో ఏమీ లేదని రాసిచ్చిన కాగితం
ఇంకా మడిచి దాచుకోనుంది,
దుడ్డు కట్టింది గదా దానికి.
తిరపతి పెద్దాసుపత్రికి పోతే
వరసలో నాలుగు గంటలు, డాక్టరు ముందర నాలుగు నిమిషాలు.
ఆయన మంచోడే. బయట ఎనభైమంది ఉండారు.

“ఆధారాలున్న పద్ధతి” అన్నారు ట్రైనింగులో, పదే పదే.
ఎందరు పిలకాయలకి చేసి చూసినారో,
ఎందరు తేరుకున్నారో, బోర్డు మీద గీతలు గీసి.
నాకు కుదరలా నమ్మకం.
మా ఊళ్ళో ఆధారమంటే రుజువు గాదు.
కాకరతీగకి కట్టిన పురి ఆధారం.
గంగులప్ప ఆ ఇంటికి ఆధారం.
“ఇంకేముంది నాకు ఆధారం” అని
చావింట్లో ఏడుస్తారే, అది.

అయినా పుస్తకంలో ఉన్నట్టే చేసినా.
మొదటి వారం, ఊపిరి తీసుకునేది.
రెండో వారం, భయానికి మార్కులు, పదికి.
“పదకొండు వేయొచ్చా మేడం?”
వేయమన్నా.
నాలుగో వారం, ఏనుగు అని కాగితం మీద రాసి,
చింపి, ముక్కలు జేబులో పెట్టుకున్నాడు.
ఐదో వారం రాలా. ఆరో వారమూ రాలా.

నేనే పోయినా టమాటా తోటకి.
రెడ్డెమ్మ క్రేటు తిరగేసి కూర్చోబెట్టింది.
“ఆ రాత్రి మాట వీడి ముందర ఎత్తొద్దని
అందరికీ నేనే చెప్పినా” అనింది.
రెండు కాయలు తెంపి, మళ్ళీ అనింది:
“ఎవురూ మాట్లాడకపోతే
వాడొక్కడే మాట్లాడుకుంటా ఉండాడు లోపల.”

పదో వారం చెప్పినాడు, మొత్తం.
ఆ సాయంత్రం నాయిన టార్చిలో కొత్త బ్యాటరీలు తీసి
బొమ్మజీపులో వేసుకున్నాడంట.
జీపులోవి టార్చిలో పెట్టినాడంట.
ఏడాదిగా మోస్తా ఉండాడు బిడ్డ,
రెండు పెన్సిలు బ్యాటరీల బరువు.
దుప్పటి అవతల వంటామె గుడ్లు లెక్కబెట్టేది ఆపేసింది.

నీ తప్పు గాదు అని నోటిదాకా వచ్చింది.
తొందరపడొద్దు, అడగమంటుంది పుస్తకం.
అడిగినా: “వెలుగుంటే ఏనుగు నిలబడేదా?”
చానాసేపు ఆలోచించినాడు.
“ఫారెస్టు గార్డు దగ్గర జీపు లైటుండింది మేడం.
ఆయన జీపు వదిలేసి పరిగెత్తినాడు.”
అని, వానికే నవ్వొచ్చింది.
నవ్వినందుకు ఏడ్చినాడు.

ముప్పైనాలుగు మార్కులుండిన భయం పట్టీలో
ఇప్పుడు పదహారు. చిత్తూరికి పంపినా.
వాళ్ళ లెక్కకి అది ఆధారం. తీసుకోనీ.
నాకు నాలుగు బడులు, ఒక్క దుప్పటి,
మార్చిదాకానే కాంట్రాక్టు.

నిన్న గురువారం గాదు. అయినా వచ్చినాడు,
ఇంకో పిలకాయను చెయ్యి పట్టుకోని.
వాకిట్లోనే వానికి చెప్తా ఉండాడు:
“ముందు గుడ్లు లెక్కబెట్టుకోరా.
మేడం ఏమీ అనదు.”