సెలవుల్లో ఊపిరి

ఊదు. ఊదు. ఆపకు, ఇంకా ఊదు...
ముప్ఫయ్యొక్కేళ్లుగా నా ఉద్యోగం ఈ ఒక్క మాటే.
షేక్ మస్తాన్‌వలి, ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు పెద్దాసుపత్రి, ఛాతీ విభాగం,
మెట్ల కింద గది.

డాక్టర్ ఎస్తేరు రాణి గారు వచ్చిన మొదటిరోజు
స్టెతస్కోపు మెడలోనే ఉంచి
యలమంద వీపుకి చెవి ఆనించారు.
"పిల్లి ఒకటి కాదు మస్తాన్,
ఈతంతా ఉంది లోపల" అన్నారు.
యలమంద నవ్వబోయి దగ్గాడు.
మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాడు.
ఎందుకొచ్చిందయ్యా అంటే "దుమ్మండీ" అనేవాడు
దుమ్మేదో దూరపు చుట్టమైనట్టు.

అక్కణ్ణించి మొదలైంది ఆవిడ లెక్క.
మాఘం వెళ్లి యార్డులో ఎరుపు దిగగానే
స్కూటర్ మీద ఆవిడ, వెనక పెట్టె పట్టుకుని నేను.
గేటు కనబడకముందే కళ్లు మండేవి.
తేజ, బాడిగ, మూడు నలభై ఒకటి...
కాటాల మధ్య, తొడిమలు తీసే ఆడవాళ్ల వరసల మధ్య
ముందు మేం తుమ్మి
తర్వాత వాళ్లచేత ఊదించేవాళ్లం.

ప్లాస్టిక్ గొట్టంలో ఎర్రముల్లు లేచేది.
సోమవారం మూడు వందల పది.
బుధవారం రెండు వందల అరవై.
శుక్రవారం పొద్దుగూకేసరికి రెండు వందలు.
గళ్ల కాగితం మీద ఆవిడ చుక్కలు కలిపితే
అన్నీ దిగే మెట్లే.

మే నెలలో యార్డుకి సెలవులిచ్చారు.
చుక్కలన్నీ లేచి నిలబడ్డాయి.
నాకు సంతోషమేసింది, దాచుకోను.
"నాలుగు వందలకి దగ్గరకొచ్చావు నాగరత్తమ్మా, బాగుంది!"
"ఏం బాగు సాయిబూ,
పొయ్యి వెలిగించి రెండ్రోజులైంది.
ఊపిరి మాత్రం దండిగా ఉంది."

మేడమ్ పెన్ను ఆగింది.
ఆ రాత్రి పుస్తకంలో ఇంకో గడి గీశారు,
ఊపిరి పక్కన కూలి.
ఏ వారం చూసినా ఒకటి లేస్తే ఒకటి పడేది
తక్కెడ పళ్లేల్లాగా.

ఆ గడి వల్లే రెండుసార్లు తిరిగొచ్చింది వ్యాసం.
కూలి రోగలక్షణం కాదట, తీసెయ్యమన్నారు.
తియ్యలేదు.
తోటివాళ్లు బ్రాడీపేటలో నర్సింగ్ హోములు కట్టారు.
ఈవిడ ప్రొఫెసరయ్యేసరికి నాకు మనవరాలు పుట్టింది.

మాస్కులు పంచాం. అందులో ఓడిపోయాం, ఒప్పుకుంటాను.
మర్నాటి వారం వెళ్తే వాటిల్లో తాలుకాయలు ఏరిపోశారు.
"గుడ్డ గట్టిదమ్మా, బాగా ఆగుతున్నాయి" అన్నారు పైగా.
మేడమ్ నవ్వి, కమిటీ ఆఫీసు దారి పట్టారు.
పదకొండేళ్లు ఆ గడప తొక్కితే
షెడ్డు కప్పుమీద నాలుగు గాలిగుమ్మటాలు వచ్చాయి.
రెండు తిరుగుతాయి.
వాటి కింద చోటుకోసం ఆడవాళ్లు కొట్టుకుంటారు.

యలమంద పేజీలో చివరి అంకె నూటపది.
కింద తేదీ నా చేతిరాతే.

నిన్న మేడమ్ రిటైరయ్యారు.
శాలువాలు, ఫొటోలు, రెండు బూందీ లడ్డూలు.
అందరూ వెళ్లాక మెట్ల కింద గదిలోకి వచ్చి కూర్చున్నారు.
ఆయాసపడుతున్నారు.
ఇన్నేళ్లూ పక్కన నిలబడ్డవాణ్ణి, నాకూ వినడం వచ్చు.
సన్నగా, ఒక్కటే పిల్లి.

"ఎప్పట్నించి?"
"రెండో సీజను నుంచి."
"చెప్పలేదేం?"
"చెబితే స్కూటర్ నువ్వు నడుపుతానంటావు."

పుస్తకం తెరిచి కొత్త వరస గీశాను.
పేరు రాశాను, వయసు రాశాను,
వృత్తి దగ్గర నా చెయ్యి ఆగింది.
"యార్డు అని రాయి" అన్నారు.

రాసి, కొత్త మూతి తొడిగి గొట్టం చేతికిచ్చాను.
తిరగేసి పట్టుకున్నారు.
ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల నోటికి అందించిన చెయ్యి కదా,
తనవైపు తిప్పుకోవడం రాలేదు.
నేనే తిప్పాను.