దీర్ఘం

మా షాపు కంప్యూటర్లో ‘నివాళి-4’ అని ఒక ఫైలుంది.
నాలుగు లైన్ల పద్యం, పేరుకి ఖాళీ.
ముమ్మిడివరం సెంటర్లో పదేళ్లుగా
ఎవరు పోయినా ఆ ఖాళీలోకే వచ్చి కూర్చుంటారు.
నిద్రలో పోయినవాళ్లు, పాయలో మునిగినవాళ్లు,
దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి జారిన యేసేబు.
పద్యం ఎవరికీ బిగుతవలేదు, వదులూ అవలేదు.

రాసింది గెడ్డం దానియేలు మాస్టారు.
రేటు ఒక టీ.
అది చల్లారేలోగా నా తెర మీదికి వంగి
ఫ్లెక్సీలో తప్పులు ఏరేవారు, బియ్యంలో రాళ్లలా.
"మళ్లీ ‘ఆశ్రు’నివాళా? దీర్ఘం తీసెయ్యమ్మా రూతూ.
కన్నీటికి తోకెందుకు?"

ఒకసారి, కాలవ కట్టేసిన వేసవిలో, గిరాకీ లేక
కూర్చోబెట్టి చెప్పారు:
"స్మృతిగీతానికి మూడు మెట్లు, రేవుకున్నట్టే.
ఏడవాలి, పొగడాలి, ఓదార్చాలి.
మూడోది నీళ్లలో ఉంటుంది, కనపడదు.
ఉందనుకుని అడుగేస్తాం."
ఉందా మరి, అన్నాను.
టీ గ్లాసు ఎత్తి తాగారు.

మొన్న గురువారం వాళ్లబ్బాయి
పెన్‌డ్రైవులో ఫోటో తెచ్చాడు.
అదే నీలం చొక్కా, జేబులో ఎర్ర పెన్ను.
నివాళి-4 తెరిచి, ఖాళీలో ‘గె’ కొట్టాను.
వేళ్లు కదల్లేదు.
ఊరందరికీ కుట్టిన దర్జీ
తన కొలత రాసుకోలేదు.

కొత్తది రాద్దామని కూర్చుంటే
మొదటి మెట్టు మీదే తెల్లారింది.
‘మహోన్నతులు’ అని కొట్టి, తీసేశాను.
ఊరుకోరు ఆయన:
"నువ్వు చూశావా? చూసింది రాయి."

చూసింది ఇంతే.
ఎరువుల కొట్టు బోర్డులో ఒత్తు తప్పని
అది చూడలేక రోజూ సందులోంచి చుట్టూ తిరిగొచ్చేవారు.
ఎండలో కూడా.

సమాధుల దొడ్డి కాలవ గట్టునుంది.
పెట్టె దించుతుంటే సువార్తమ్మగారు
(ఆవిడా ఆయన్ని అలాగే పిలిచేది)
"మాస్టారూ" అంది.
ఆ ‘రూ’ ఆగలేదు.
లాకుల తలుపు మీంచి నీరు పొర్లినట్టు పొర్లి
కొబ్బరితోటలు దాటి, అవతలి చేలల్లో
నాట్లేసేవాళ్లు నడుం ఎత్తి చూసేదాకా పోయింది.

ఫ్లెక్సీ మీద ఫోటో, పేరు, రెండు తేదీలు.
పద్యం వెయ్యలేదు.
పైన ‘అశ్రునివాళి’ సరిగ్గానే పడింది,
రెండుసార్లు చూశాను మాస్టారూ.
మీరు తీయించిన దీర్ఘాలన్నీ
ఆవిడ దగ్గరున్నాయి.