కొత్తగా వచ్చిన పిల్లకు నాలుగు మాటలు

ఉల్లిపాయలు ఇట్టియ్ రెడ్డిరాణీ,
మాటలు నేర్పమంటివి గదా, నేర్చుకో.
సాల్మియాలో ఆరో అంతస్తు ఇది,
అరిచినా ఎవురికీ ఇనపడదు, మెల్లగానే నేర్చుకో.

బుక్రా అంటే రేపు.
ఎవురి రేపని అడగాకు.
నా జీతం ఏడు నెల్లుగా బుక్రానే.

'నువ్వు మా ఇంటి మనిషివే' అంటాది మామా.
ఇంటి మనుషులకు జీతమేందని దానర్థం.

సెలవంటే వాళ్లు లండను పోయేది,
మనం చేపలతొట్టికి కాపలా ఉండేది.
చేపలకు మేత గంటల లెక్కన,
మనకు మిగిలినప్పుడు.

పాసుపోర్టులో ఫొటో మనది,
బీరువా వాళ్లది,
తాళంచెవి బాబా జేబుది.

ఏజెంటంటావా, రాయచోటిలో 'అక్కా',
విమానం దిగినాక 'ఎవురు మాట్లాడేది?'

ఎడారికి మాత్రం నాకర్థం తెలీదే.
తొమ్మిదేండ్లాయె, చూస్తే గదా!
కిటికీ అద్దం మీద రోజూ ఇంత దుమ్ము తుడుస్తా,
అదే కాబోలు.

ఇంకోటుంది, ఖల్లివల్లి.
పోతే పోనీ అని.
చెప్పకుండా పోయినోళ్లను పిల్చేదీ ఆ మాటతోనే.
అరబ్బీలో నాకు నోరు తిరిగినంత బాగా
మనసు తిరిగిన మాట ఇదొక్కటే.

కండ్లు తుడుచుకో,
ఉల్లిపాయలకే ఇట్లయితే ఎట్లా?
ఆ చెత్తసంచి ఇట్టియ్, కిందేసొస్తా.
చలి గదా, శాలువా గూడా.
ఆ చెప్పులు కాదు, బూట్లు.

అక్క ఎప్పుడొస్తాదని మామా అడిగితే
మొదటి మాట నేర్చుకుంటివి గదా,
అదే చెప్పు.